ఆగిన బండిలోంచి మనుషులను దింపే పని

బ్రేక్‌డౌన్ వ్యాన్ పనిలో కొత్తగా చేరిన పిల్లలు నా దగ్గరికి వస్తే ముందు అడిగేది పనిముట్ల గురించే. ఏ జాకీ కొనాలి, స్కానర్ లేకుండా ఈ కాలపు కార్ల జబ్బు పట్టుకోవచ్చా, బండిని లాగడానికి ఇనుప తాడు మంచిదా బెల్టు మంచిదా అని. వాటికి జవాబులు సెల్‌ఫోన్లో దొరుకుతాయి. నేను మీసాలు రాని వయసులో ప్రొద్దుటూరులో ఒక గ్యారేజీలో చేరాను. తల నెరిసేదాకా ఇటు మైదుకూరు, అటు జమ్మలమడుగు, తుమ్మలపల్లె, పులివెందుల రోడ్ల మీద ఆగిపోయిన బండ్ల వెంట తిరిగాను. ఇన్నేళ్ళలో నాకు అర్థమైన అసలు పని రిపేరు కాదు. ఆగిన బండిలోంచి మనుషులను దింపడం.

నవ్వకండి. గేరుబాక్సును దింపడం తేలిక. బోల్టులు ఊడదీస్తే అదే కిందికి వస్తుంది. మనిషి అట్లా రాడు. చెడిపోయిన కారులో కూర్చున్నవాడికి అది ఇల్లులాగే అనిపిస్తుంది. తలుపులున్నాయి, అద్దాలున్నాయి, మెత్తటి సీటుంది. బయట చూస్తే మన కడప ఎండ. "నువ్వు నీ పని చూసుకోప్పా, మేం ఈడ్నే కూచ్చుంటాం" అంటాడు. వెనక నుంచి వచ్చే లారీ డ్రైవరుకు మాత్రం అది ఇల్లు కాదు, తనకు ముందు పోతున్న ఇంకో బండి. అది పోవడం లేదు, ఆగి ఉంది అని అతనికి తెలిసేసరికి చాలా దగ్గరికి వచ్చేసి ఉంటాడు. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే మా వృత్తిలో సగం వచ్చినట్టే.

ప్రమోషన్ల గురించి రాయను. మా దగ్గర ప్రమోషన్ అంటే వ్యాన్ వెనక టైర్ల మధ్య కూర్చునేవాడు ముందు సీటుకు రావడం. అంతకు మించి లేదు.

మస్తాన్ మామ

నాకు పని నేర్పింది మా గ్యారేజీ యజమాని మస్తాన్ మామ. ఎడమ కాలు కుంటుతూ నడిచేవాడు. వయసులో ఉండగా రోడ్డు పక్కన ఆగిన జీపు వెనక నిలబడి సామాను దించుతుంటే ఇంకో జీపు వచ్చి గుద్దింది. రెండింటి మధ్య కాలు పడింది. ఆ కథను ఆయన ఏడుస్తూ ఎప్పుడూ చెప్పలేదు. ఆ కాలు చూసి కూడా పిల్లనిచ్చినవాళ్ళు ఉన్నారని నవ్వేవాడు. కానీ వ్యాన్ దిగగానే మాత్రం ఆయన చూపు చెడిపోయిన బండి మీదికి పోయేది కాదు. ముందు వెనక్కి, వచ్చిన దారి వైపు చూసేవాడు. తర్వాత బండిలో మనుషులున్నారా అని చూసేవాడు. బానెట్ సంగతి ఆ తర్వాతే.

ఒకసారి ప్రొద్దుటూరులో బంగారు అంగడి ఉన్న ఒక శెట్టిగారి కారు జమ్మలమడుగు దారిలో ఆగిపోయింది. మేం పోయేసరికి ఆయన అద్దాలు పైకెత్తుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని, వెనక సీట్లో కూర్చుని ఉన్నాడు. మామ దిగమన్నాడు. ఆయన దిగనన్నాడు. సంచి భయం ఒకటి, తెలిసినవాళ్ళు ఎవరైనా చూస్తే నామోషీ ఒకటి. రోడ్డు పక్కన చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డాడని సాయంత్రానికి ఊరంతా అనుకుంటుందని ఆయన బాధ.

మస్తాన్ మామ స్పానర్లు నా చేతికిచ్చాడు. రోడ్డు పక్క కాలువ దాటి, అవతల గట్టు మీద తువ్వాలు పరుచుకుని కూర్చుని బీడీ ముట్టించాడు. నేను స్పానర్లు పట్టుకుని ఎండలో నిలబడ్డాను. శెట్టిగారు అద్దం దించి, వేరే గ్యారేజీ వాళ్ళను పిలుస్తానని బెదిరించాడు.

"పిలుచుకో శెట్టీ," అన్నాడు మామ. "వాళ్ళొచ్చేదాకా గూడా ఈడ్నే వచ్చి కూచ్చో."

కాసేపటికి శెట్టిగారు దిగి వచ్చాడు. సంచి ఒళ్ళో పెట్టుకుని తువ్వాలు మీద మామ పక్కనే కూర్చున్నాడు. మామ అప్పుడు లేచాడు. తెగింది ఒక చిన్న వైరు, అతికించడం చిటికెలో పని. ఆ మనిషి తర్వాత బజారంతా మస్తాన్‌కు పిచ్చి అని చెప్పుకున్నాడు, తన బండ్లు మాత్రం ఆ పిచ్చివాడి దగ్గరికే పంపేవాడు.

మర్యాద తెలిసిన యజమానుల దగ్గర కూడా కొన్నాళ్ళు పని చేశాను. కస్టమరును కదిలించొద్దు, కారులోనే కూర్చోబెట్టి చల్లటి నీళ్ళ సీసా ఇవ్వు అని నేర్పేవాళ్ళు. చూడటానికి బాగుండేది. నా మాట వింటే, మీకు అట్లాంటి యజమాని దొరికితే నీళ్ళ సీసా మాత్రం తీసుకోండి. దాన్ని కాలువ అవతలికి పట్టుకుపోయి, తాగాలంటే అక్కడికి రమ్మనండి.

రాళ్ళు, కొమ్మలు

మన వైపు బండి ఆగగానే ఎవరూ చెప్పకుండానే చేసే పని ఒకటుంది. నాలుగు రాళ్ళు ఏరుకొచ్చి వెనక పేర్చి, వాటి మీద ఒక కానుగ కొమ్మో వేపకొమ్మో నిలబెడతాం. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపైతే రాళ్ళకు వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. రోడ్డు పక్కనంతా నల్ల బండల ముక్కలే. ఉద్దేశం మంచిదే. పచ్చకొమ్మ కనిపిస్తే ఏదో బండి ఆగిందని ఈ జిల్లాలో చంటిపిల్లవాడికి కూడా తెలుసు.

చిక్కు రెండు చోట్ల ఉంది. ఒకటి, ఆ రాళ్ళను కారు వెనకే, డిక్కీకి తగిలేంత దగ్గరగా పెడతారు. రాయి కనిపించే చోట కారు కూడా కనిపిస్తుంది, ఇక రాయి ఎందుకు? గుర్తు అనేది మలుపు ఉంటే మలుపుకు ముందు ఉండాలి. మిట్ట ఉంటే మిట్టకు అవతల ఉండాలి. నడిచి పోయి పెట్టి రావాలి. నడవడానికి మనకు బద్ధకం.

రెండోది ఇంకా అన్యాయం. బండి బాగవుతుంది, స్టార్టు అవుతుంది, ఆ సంతోషంలో ఎక్కి వెళ్ళిపోతారు. రాళ్ళు రోడ్డు మధ్యలో అట్లాగే ఉండిపోతాయి. కొమ్మను ఏ మేకో తింటుంది. పొద్దుగూకినాక మోటారు సైకిలు మీద వచ్చే వాడెవడో ఆ రాయికి తగిలి పడతాడు. తనను కాపాడుకోవడానికి పెట్టిన రాయి ఇంకొకడి ప్రాణం మీదికి తెచ్చింది కదా. ఇది తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండుతుంది.

అందుకే మస్తాన్ మామ రిపేరు కాగానే కారు తాళం తన జేబులో వేసుకునేవాడు. ఎంత పెద్దమనిషి అయినా సరే, పేర్చిన రాళ్ళు తీసి కాలువలో పారేశాకే తాళం ఇచ్చేవాడు. ఆ అలవాటు నాకు ఎంతగా అంటిందంటే, పేరంటానికి పోతున్నా సరే, దారిలో రాయి కనిపిస్తే స్కూటరు ఆపి కాలితో తోసి వస్తాను. మా ఇంటామె వెనక సీటు మీద కూర్చుని, మా ఆయనకు రోడ్డంతా సొంత చేనే, రాళ్ళేరకుండా ఉండలేడు అని అందరికీ చెప్తుంది. చెప్పుకోనీ.

ఎర్ర త్రికోణం బోర్డులు ఇప్పుడు ప్రతి కారులోనూ వస్తున్నాయి. చాలామంది దాన్ని కవరు కూడా విప్పకుండా డిక్కీలో అడుగున పెట్టి, పైన బియ్యం మూటలు వేస్తారు. పిల్లలూ, మీ వ్యాన్లో మాత్రం అది చేతికి అందే చోట ఉండాలి.

కొడవళ్ళతో వచ్చిన ఆడవాళ్ళు

బండి ఆగినచోట దిగాలంటే కొందరికి ఎండ భయం, కొందరికి నామోషీ. ఇంకొందరికి మనమే భయం. ఇది చెప్పుకోవాల్సిన కథ.

విజయవాడ వైపు నుంచి ఒక కుటుంబం గండికోట చూడటానికి వచ్చింది. జమ్మలమడుగు దగ్గర నల్లరేగడి చేల మధ్య ఇంజను వేడెక్కి, పొగలు వచ్చి, కారు ఆగింది. ఆ ఇంటాయన ఫోనులో నాతో మాట్లాడుతూ గొంతు తగ్గించి, తమను ఎవరో చుట్టుముట్టారని, చేతుల్లో కత్తులున్నాయని చెప్పాడు.  వ్యాన్ ఎంత వేగంగా తోలానో నాకే తెలియదు.

పోయి చూస్తే శనగ కోతలు ముగించుకుని ట్రాక్టరులో ఊరికి పోతున్న ఆడవాళ్ళు. పొగ చూసి, పాపం అని ట్రాక్టరు ఆపించి దిగారు. కొడవళ్ళు చేతుల్లోనే ఉన్నాయి. కారు చుట్టూ చేరి అద్దాలు తడుతున్నారు. వాళ్ళ పెద్దామె అద్దానికి ముఖం ఆనించి, "దిగండి తల్లీ, పిల్లోళ్ళు ఉడికిపోతాండారు," అంటోంది. ఆమె మామూలు గొంతే పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినిపిస్తుంది. లోపల భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు చెమటతో ముద్దైపోయి, తలుపులు బిగించుకుని కూర్చున్నారు. సినిమాలు ఎక్కువ చూసినట్టున్నారు.

నేను చేసిన రిపేరు ఒకటే. కొడవళ్ళు ట్రాక్టరులో పెట్టి రమ్మన్నాను. తలుపులు తెరుచుకున్నాయి. రోడ్డు వైపు కాకుండా చేని వైపు తలుపులోంచి అందరినీ దింపాను. ఆ ఆడవాళ్ళు పిల్లలకు మజ్జిగ తాగించి, తలలు తుడిచి, చెట్టు నీడన కూర్చోబెట్టారు. ఇంజను చల్లారేదాకా కబుర్లే. ఇక్కడ అందరూ ఇట్లాగే కోపంగా మాట్లాడతారా అని ఆయన నన్ను మెల్లగా అడిగాడు. ఇది ముద్దుగా మాట్లాడడం సార్, కోపం వస్తే మీకు అడగాల్సిన పని ఉండదు అన్నాను.

కొత్తవాళ్ళను గుడ్డిగా నమ్మమని నేను చెప్పడం లేదు. ఎవరైనా వస్తే అద్దం కాస్త దించి మాట్లాడాలి, ఇంట్లోవాళ్ళకు ఫోను చేసి ఏ ఊరి దగ్గర ఉన్నామో చెప్పాలి. అనుమానంగా ఉంటే వ్యాన్ వస్తోందని గట్టిగా అనాలి. కానీ రోడ్డు మీద ఆగిన కారులో అద్దాలెత్తుకుని కూర్చోవడం మాత్రం ఎవరి నుంచీ కాపాడదు.

మా అక్క

ఇంతమందిని దింపిన నాకు ఒక మనిషిని దింపలేక చెమటలు పట్టిన రోజు ఒకటుంది. ఆమె మా అక్క నాగమ్మ. మా అమ్మ తర్వాత నన్ను పెంచింది ఆమె. ఇప్పటికీ నన్ను చూస్తే అన్నం తిన్నావా అని కాదు, ఎందుకు తినలేదు అని అడుగుతుంది.

ఆమె కూతురు శిరీష పెళ్ళి ప్రొద్దుటూరులో జరిగింది. అబ్బాయిది పులివెందుల. మేనమామను కాబట్టి పొద్దున పిల్లను గంపలో కూర్చోబెట్టి మండపానికి మోసింది నేనే. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెళ్ళికూతురికి ఒడిబియ్యం పోసి అత్తగారింటికి సాగనంపారు. పొద్దుగూకక ముందే గడప దాటించాలి. పూల కారులో ముందు డ్రైవరు, పెళ్ళికొడుకు. వెనక శిరీష, తోడుగా అక్క. సారె సామాను నా బ్రేక్‌డౌన్ వ్యాన్లో వేశారు. ఇనుప బీరువా, పరుపులు, ఇత్తడి బిందెలు, లడ్ల డబ్బాలు. బిందెలు గలగలమంటుంటే నేను వెనక నిదానంగా బయల్దేరాను.

ముద్దనూరు దాటి పులివెందుల వైపు పోతుంటే ఒక చోట రోడ్డు ఎత్తెక్కి కొండ పక్కన మెలిక తిరుగుతుంది. ఆ మెలిక తిరిగీ తిరగగానే పూల కారు ఆగి ఉంది. ఎత్తులో క్లచ్ కాలిపోయింది, వాసన దూరానికే తెలుస్తోంది. డ్రైవరు అన్ని లైట్లూ వేశాడు పాపం. కానీ కారు వెనకంతా బంతిపూల వల కట్టారు. లైట్లు ఆ పూల కింద మిణుకుమిణుకుమంటున్నాయి తప్ప బయటికి కనిపించడం లేదు. పెళ్ళి కారు అలంకరించే వాళ్ళకు నేను ఎన్నిసార్లు చెప్పినా ఈ ఒక్కటి వినరు.

వ్యాన్‌ను వెనక్కి తీసుకుపోయి మెలికకు ముందే ఆపి లైట్లు వేశాను, బోర్డు పెట్టాను. పరుగులాంటి నడకతో కారు దగ్గరికి వచ్చాను. డ్రైవరు బానెట్ లోకి వంగి ఉన్నాడు. పెళ్ళికొడుకు కారు వెనక నిలబడి ఫోను మాట్లాడుతున్నాడు. అతన్ని ముందు కాలువ అవతలికి పంపించాను. వెనక తలుపు తీసి అక్కను దిగమన్నాను.

"నేను దిగుతా," అంది అక్క. "పాప దిగదు."

ఎందుకు దిగదంటే, ఒడిబియ్యం పోసుకున్న పిల్ల దారి మధ్యలో కాలు కింద పెడితే కాపురం దారి మధ్యలో ఆగుతుందట. ఆమె అడుగు ఇక అత్తగారి గడప లోపలే పడాలట. ఈ నియమం ఎవరు పెట్టారో తెలియదు. మా అమ్మ చెప్పింది, అంతే. ఇంకేం మాట్లాడతాం.

"అమ్మ కాలంలో ఎద్దులబండి అక్కా. దాని ఎనక లారీలు రాలేదు," అన్నాను.

"నీ రిపేరు నువ్వు చేసుకోప్పా. బిడ్డ బతుకుతో ఆటలాడొద్దు," అని తలుపు వేసుకుంది. పిల్ల దిగదు కాబట్టి తనూ దిగదు.

నిజం చెప్తాను, నాకు భయం వేసింది. తెలియనివాళ్ళతో మాట్లాడే గొంతు నాకు ఒకటుంది. పోలీసులు కూడా ఆ గొంతు విని కారు దిగిన రోజులున్నాయి. అక్క ముందు ఆ గొంతు రాలేదు. మస్తాన్ మామలా గట్టు మీద కూర్చుని పంతం పట్టడానికి ఇది శెట్టిగారి కారు కాదు. లోపల ఉన్నది నేను ఎత్తుకుని పెంచిన పిల్ల. కింద ఏదో పెద్ద బండి ఎత్తెక్కుతూ గేరు మార్చిన చప్పుడు వినిపించి వెనక్కి చూశాను. బస్సు. నా వ్యాన్ లైట్లు చూసి నెమ్మదిగా తప్పుకుని పోయింది. అక్క కూడా ఆ బస్సును చూసి, చూశావా, పోలేదా అన్నట్టు చెయ్యి తిప్పింది.

అప్పుడు శిరీష అద్దం దించింది. మెడ నిండా దండలు, తల కూడా సరిగ్గా తిప్పలేకపోతోంది.

"మామా, పొద్దున గంపలో మోస్తివి కదా. ఇప్పుడు గంప ల్యాకుండా మోయలేవా?"

 అక్క, దీనికి అడ్డం చెప్పే నియమం ఏదైనా అమ్మ చెప్పిందా అని వెతుక్కుంటున్నట్టుంది. మేనమామ ఎత్తుకుంటే కాలు నేల మీద పెట్టినట్టు కాదు కదా. చివరికి, "కిందేసినావంటే చూడు," అంది.

పెళ్ళికొడుకు నేనెత్తుకుంటానని కాలువ దాటి వస్తుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టి, నీ పని మీ గడప దగ్గర నాయనా, ఈడ కాదు అని ఆపేసింది. నేను చేతులు చాపాను. పట్టుచీర, నగలు, దండలు, ఒడిలో బియ్యం, వాటితోపాటు నా మేనకోడలు. ఇంజన్లు ఎత్తిన చేతులే, కానీ మోకాళ్ళు ఇంజన్లు ఎత్తిన నాటివి కావు. శిరీష నా మెడ పట్టుకుని నవ్వు ఆపుకోలేక ఊగుతుంటే, నవ్వొద్దు తల్లీ, ఇద్దరం కాలువలో పడతాం అని బతిమాలుకుంటూ కాలువ దాటాను.

ఎదర ఒక తుమ్మచెట్టు నీడ ఉంది. అక్క అక్కడికి పదమంది. వద్దన్నాను. అది కారుకు ముందు వైపు ఉంది. వెనక నుంచి గుద్దితే కారు ముందుకే పోతుంది. ఆగిన బండికి ముందు వైపు నిలబడకూడదు, రోడ్డుకు దూరంగా, బండికి వెనక పక్కకు పోవాలి. పిల్ల ముఖం ఎండకు కందిపోతుందని అక్క గొణుగుతూనే వెంట వచ్చింది.

దూరం వచ్చాం సరే, ఎక్కడ దింపాలి? నేలంతా రాళ్ళు, పల్లేరుకాయలు. చేతులు లాగేస్తున్నాయి. ఆ బీడులో గొర్రెలు మేపుతున్న ఒక పెద్దాయన ఇదంతా మొదటి నుంచీ చూస్తున్నట్టున్నాడు. పేరు ఓబులేసు అని తర్వాత తెలిసింది. భుజం మీది కంబళి తీసి, దులిపి, మా ముందు పరిచాడు. అక్క దాన్ని ఎగాదిగా చూసింది.

"కంబళికి అంటు ల్యాదమ్మా," అన్నాడాయన. "దేవుని కాడ గూడా మేం ఇదే పరుస్తాం. కూచ్చోబెట్టు బిడ్డను."

అక్క ఒప్పుకుంది. శిరీషను కంబళి మీద దించి నా నడుము పట్టుకుని నిలబడ్డాను. ఒడిబియ్యం వాసనకు గొర్రెలు చుట్టూ మూగాయి. అక్క కొంగుతో వాటిని తోలుతోంది. నేను రోడ్డు మీదికి తిరిగి పోయి, ఇంకా బానెట్ లోకి తల దూర్చి ఉన్న డ్రైవరును చొక్కా పట్టుకుని లాక్కొచ్చాను. అతను విసుక్కుంటూ కాలువ దాటాడు.

ఆ తర్వాత వచ్చింది బండల లారీ. జమ్మలమడుగు వైపు నుంచి నల్ల బండలు వేసుకుని ఎత్తెక్కుతోంది. డ్రైవరు తప్పు లేదు. నా వ్యాన్‌ను చూశాడు, బోర్డును చూశాడు, బ్రేకు తొక్కాడు. అన్ని బండలు మోసే లారీ చూడగానే ఆగదు. వ్యాన్‌ను తప్పించుకుని, మెలికలో అడ్డం తిరిగి, పూల కారు వెనక భాగాన్ని గుద్దింది. కారు ముందుకు దూకి, ఆ తుమ్మచెట్టుకు పోయి తగిలి ఆగింది. బంతిపూలు రోడ్డంతా రాలాయి. గొర్రెలు కొండ మీదికి పరుగు తీశాయి.

లారీ డ్రైవరు కిందికి దూకాడు. వయసు చిన్నదే. కారు దగ్గరికి పోవడానికి కాళ్ళు రాక, అక్కడి నుంచే, లోపల ఎంతమంది ఉన్నారని అరిచాడు. ఎవరూ లేరప్పా అని చెప్పాను. నమ్మలేదు. మళ్ళీ చెప్పాను. రోడ్డు మీదే కూలబడి ఏడ్చాడు. అక్క పోయి అతనికి నీళ్ళు తాగించింది. వెనక్కి వస్తూ కారు దగ్గర ఆగి లోపలికి చూసింది. వెనక సీటు పోయి ముందు సీటుకు అతుక్కుని ఉంది. ఇద్దరు కూర్చున్న చోట చెయ్యి పట్టేంత సందు కూడా లేదు. చాలాసేపు చూసింది. 

ఒక మాట ఇక్కడే చెప్పాలి. ఆ రోజు నేను లైట్లు వేశాను, మెలికకు ముందు వ్యాన్ పెట్టాను, బోర్డు పెట్టాను. మా వృత్తిలో చెప్పేవన్నీ సరిగ్గా చేశాను. అయినా గుద్దింది. గుర్తులన్నీ వచ్చేవాణ్ణి నెమ్మది చేయడానికే. బతికించేది దిగడం ఒక్కటే. మీకు ఇంకేది గుర్తున్నా లేకపోయినా ఇది గుర్తుంచుకోండి.

పోలీసులకు చెప్పాల్సింది చెప్పి, బయల్దేరేసరికి పొద్దు వాలుతోంది. శిరీషను మళ్ళీ ఎత్తుకుని వ్యాన్ ముందు సీట్లో కూర్చోబెట్టాను. పెళ్ళికొడుకు వెనక బీరువాకు ఆనుకుని, ఒళ్ళో లడ్ల డబ్బా పెట్టుకుని కూర్చున్నాడు. పులివెందులలో బ్రేక్‌డౌన్ వ్యాన్లో అత్తగారింటికి వచ్చిన పెళ్ళికూతురు ఆ పిల్ల ఒక్కతే అయి ఉంటుంది. గ్రీజు వాసన మధ్య నుంచి పెళ్ళికొడుకు గడప దాకా ఎత్తుకుపోతే, గడప మీది బియ్యం చెంబును కుడికాలితో దొర్లించి లోపలికి పోయింది. దారిలో ఎక్కడా కాలు నేల మీద పెట్టలేదు. చీరకు అంటుకున్న గొర్రెబొచ్చు గురించి అత్తగారు అడిగితే, అది మా ఊరి ఆచారం అని అక్క తడుముకోకుండా చెప్పింది.

రైలు గేటు

మరుసటి రోజు అక్కను వెంటబెట్టుకుని ప్రొద్దుటూరికి తిరిగి బయల్దేరాను. ఖాళీ వ్యాన్. అక్క నా పక్క సీట్లో సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.  జరిగినదాని గురించి ఆమె ఒక్క మాట అనలేదు, నేనూ అడగలేదు.

దారిలో రైలు గేటు వేసి ఉంది. ముందు ఒక కారు, ఒక ఆటో. వాటి వెనక నేను ఆపి ఇంజను ఆర్పేశాను. అక్క తలుపు తీసుకుని, సంచితో సహా కిందికి దిగింది. ఎక్కడికక్కా అన్నాను.

"బండి ఆగింది కదా," అంది.

ఇది రైలు గేటని, రైలు పోగానే తీస్తారని చెప్పాను. వినలేదు. ముందున్న కారు దగ్గరికి పోయి అద్దం తట్టి, పిల్లలను దింపు నాయనా అంది. ఆయన అద్దం దించి, ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూశాడు. ఆటో డ్రైవరు నవ్వుతున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళూ రోడ్ల మీద నేను ఎంతమందిని ఇట్లా నలుగురిలో నిలబెట్టానో అప్పుడు తెలిసొచ్చింది.

తర్వాత నా వైపుకు వచ్చింది. తలుపు తీసి, నా మణికట్టు పట్టుకుంది. 

"దిగురా శీనా," అంది. "నాకుండేది నువ్వొక్కడివే తమ్మునివి."

దిగాను. ఇద్దరం రోడ్డుకు దూరంగా పోయి ఎండలో నిలబడ్డాం. రైలు వచ్చి పోయింది, గేటు లేచింది, వెనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి. అక్క నా చెయ్యి మాత్రం వదల్లేదు.